సముద్రము యొక్క మౌనము

2016వ సంవత్సరము జులై 22వ తేదీ ఉదయము ఎనిమిదిన్నర గంటలకు చెన్నపట్టణము చెంతనున్న తాంబరము వైమానిక స్థావరమునుండి ఏ.ఎన్.-32 అను రవాణా విమాన మొకటి అండమాను దీవులలోని పోర్టు బ్లెయిరునకు బయలుదేరెను. అది వాయుసేనవారి విమానమే గాని, అందున్న 29 మందిలో విమానమును నడుపువారు కొందరే, తక్కినవారందరును ప్రయాణికులు. ఆ ప్రయాణికులలో ఎనమండుగురు విశాఖపట్టణమునందలి నౌకాదళ ఆయుధాగారమున పనిచేయు పౌరోద్యోగులు. మధ్యాహ్నమునకు ముందే గమ్యము చేరవలసిన ఆ విమానము బంగాళాఖాతముపై 23,000 అడుగుల ఎత్తున పోవుచు, హఠాత్తుగా ఎడమప్రక్కకు తిరిగి, వేగముగా దిగజారి, రాడారు తెరమీదనుండి అదృశ్యమయ్యెను. ఆపద వచ్చినదని పైలటు పలికిన మాట ఒక్కటియు ఎవ్వరికిని వినబడలేదు.

నౌకాదళమువారి ఓడలు, విమానములు, ఒక జలాంతర్గామి దానికొరకు వెదకినవి. సముద్రపరిశోధనకై నిర్మింపబడిన 'సాగరనిధి', 'సముద్ర రత్నాకర్' అను నౌకలును వచ్చి చేరినవి. విమానపు ముక్క యొక్కటియు చేజిక్కలేదు. సెప్టెంబరు 15వ తేదీన అన్వేషణ నిలిపివేసి, అందరును మరణించిరని ఎంచవలసినదిగా కుటుంబములకు తెలియజేసిరి.

"వెదకితిమి, కనబడలేదు" అను వాక్యము వినుటకు సులభముగానే యున్నది. దాని కర్థ మేమి? లేదు గనుక కనబడలేదా, ఉండియు కనబడలేదా? ఈ ప్రశ్నకు మన శాస్త్రములలో ఒక చక్కని సమాధానము కలదు. పూర్వము మనకును విమానములుండెనని వాదించువారితో నాకు పని లేదు. మన పెద్దలకు తర్కముండెను, నాకది చాలును. భాట్టమీమాంసకులును అద్వైతులును ప్రత్యక్షము, అనుమానము మొదలగు వానితోపాటు 'అనుపలబ్ధి' అను నారవ ప్రమాణము నంగీకరించిరి. నేలమీద కుండ కనబడలేదు; కావున అచ్చట కుండ లేదు. అయితే దానికి వారొక కట్టడి చేసిరి. గదిలో దీపము వెలుగుచుండవలెను, చూచువాని కన్నులు బాగుగా నుండవలెను, కుండ ఉన్నయెడల తప్పక కనబడునట్టి స్థితి యుండవలెను. దీనికే 'యోగ్యత' యని పేరు. చీకటిగదిలో తడవి వచ్చి, కుండ లేదని చెప్పువాని మాట ప్రమాణము కాదు. సముద్రగర్భమున విమానములను, వాని రికార్డర్లను వెదకిన వారి చరిత్రయంతయు, నా దృష్టిలో, ఈ యోగ్యతను గూర్చిన చరిత్రయే.

ఆ చరిత్ర ఒక తండ్రిలేని బాలునితో ఆరంభమైనది. 1934వ సంవత్సరము అక్టోబరు 19వ తేదీన ఆస్ట్రేలియాకును టాస్మేనియాకును నడుమనున్న బాస్ జలసంధి మీద 'మిస్ హోబార్ట్' అను ప్రయాణికుల విమానము మాయమయ్యెను. అందు హ్యూబర్ట్ వారెన్ అను క్రైస్తవ మతబోధకుడుండెను. ఆయన కుమారుడు డేవిడ్ వయస్సు అప్పటికి తొమ్మిదేండ్లు. తండ్రి కడసారి యిచ్చిన కానుక ఒక చిన్న క్రిస్టల్ రేడియో; ఆ పిల్లవాడు దానితో నాడుకొనుచు విద్యుత్తంత్రములయందు ఆసక్తి పెంచుకొనెను. శవములు దొరకలేదు. ప్రమాదకారణము నిశ్చయముగా తేలలేదు.

డేవిడ్ వారెన్ పెరిగి రసాయనశాస్త్రము చదివి మెల్‌బోర్న్ నగరమునందలి విమాన పరిశోధనాలయమున చేరెను. ఆ కాలముననే ఇంగ్లండువారి కామెట్ అను నూతన జెట్ విమానములు ఒకదాని వెనుక నొకటి కూలుచుండెను. 1953 మే 2వ తేదీన కలకత్తానుండి బయలుదేరిన కామెట్ గాలివానలో చిక్కి ముక్కలైనది. 43 మంది మృతిచెందిరి. 1954 జనవరిలో ఇటలీ చెంత ఎల్బా దీవి దగ్గర ఒకటి, ఏప్రిలులో నేపుల్స్ దగ్గర మరియొకటి సముద్రమున పడినవి. ఎల్బా దగ్గరి శకలములను బ్రిటిషు నౌకాదళమువారు పైకి తీసిరి. ఫార్న్‌బరోలో ఒక కామెట్ శరీరమును నీటితొట్టిలో నుంచి, మరల మరల ఒత్తిడి పెట్టి పరీక్షించిరి. లోహము అలసి పగిలినదని అప్పటికి గాని తెలియలేదు. నేపుల్స్ దగ్గర పడినది తీయరాని లోతున నుండిపోయినది.

ఈ విచారణలో పాల్గొన్న వారెన్‌కు, అంతకుముందు ఒక ప్రదర్శనలో చూచిన చిన్న యంత్రము జ్ఞప్తికి వచ్చెను. మాటలను సన్నని ఉక్కుతీగపై పదిలపరచు జర్మను యంత్రమది. అట్టిదానిని ప్రతి విమానమునందును ఉంచినయెడల, పైలట్ల కడపటి మాటలు, ముళ్ల కడపటి సూచనలు మనకు దక్కవా? 1954లో ఆయన ఈ ఊహను వ్రాసి పైవారికి సమర్పించెను. 1957 నాటికి నాలుగు గంటల సంభాషణను, యంత్రముల సూచనలను నిలుపుకొను నమూనా సిద్ధమైనది. స్వదేశమున దానికి ఆదరము కలుగలేదు. వాయుసేనవారికి అక్కర లేకపోయినది. తమ మాటలను ఎవరో పొంచి వినుచున్నారని పైలట్ల సంఘమువారు కోపించిరి. 1958లో ఇంగ్లండునుండి వచ్చిన ఒక పెద్ద అధికారి దానిని చూచి మెచ్చుకొని తన దేశమునకు పిలిపించుకొనెను. 1960 జూనులో క్వీన్స్‌లండులోని మకాయ్ దగ్గర ఒక ఫాకర్ విమానము సముద్రమున కూలి, కారణము తేలక పోవుటచే, ఆ తరువాత ఆస్ట్రేలియాయే పైలట్ల గదిలో మాటలను పదిలపరచు యంత్రమును విధింపజేసిన మొదటి దేశమయ్యెను. ఇంటివాని మాటకు పొరుగువాడు తల యూపిన తరువాత గాని విలువ రాకపోవుట మన దేశమునకే చెల్లినది కాదు!

దీనినే లోకము 'బ్లాక్ బాక్సు' అనుచున్నది. ఈ సంగతి చెప్పినప్పుడు మా బడంగ్‌పేట పాఠశాలలో ఒక బాలిక, నారింజరంగు పూసిన పెట్టెను నల్లపెట్టె యనుట ఏల యని అడిగినది. వెదకువారి కంట పడుటకే ఆ రంగు. పేరు మాత్రము మరియెందుకో నిలిచిపోయినది. నిజమునకు పెట్టెలు రెండు. ఒకటి ఎత్తు, వేగము, దిశ, మీటల కదలిక మొదలగువానిని, రెండవది పైలట్లగదిలోని శబ్దములను పదిలపరచును. 1,100 డిగ్రీల మంటను గంటసేపును, 6,000 మీటర్ల లోతునందలి నీటి ఒత్తిడిని నెలదినములును ఓర్చునట్లు వానిని చేయుదురు.

పెట్టె ఎంత గట్టిదైనను, అది ఎచ్చట నున్నదో తెలియవలెను గదా. ఉప్పునీటిలో రేడియో తరంగములు నడువవు, ధ్వని నడచును. అందుచే ప్రతి పెట్టెకును 'పింగరు' అను చిన్న గొట్టమును తగిలింతురు. నీరు తగులగానే అది మేల్కొని సెకనుకొక్కసారి 'టిక్కు' మనుచుండును. దాని ధ్వని సెకనుకు 37,500 కంపనములది. మానవుని చెవి 20,000 దాటినది వినజాలదు గనుక యంత్రములతోనే వినవలెను. రెండు మూడు కిలోమీటర్లకు మించి అది సాధారణముగా వినబడదు. సముద్రము నాలుగు కిలోమీటర్ల లోతున్నచోట, పైనున్న ఓడ సరిగా దాని నెత్తిమీద నిలిచినను వినలేకపోవచ్చును. వినుయంత్రమును త్రాటికి కట్టి లోతునకు దించి మెల్లగా ఈడ్చుకొని పోవలెను. చాలకాలము వాని బ్యాటరీలకు ముప్పది దినముల ఆయువే యుండెను. ముప్పది దినములలో వినవలెను. లేనిచో ఆ పెట్టె మూగది.

కాలము కలిసివచ్చినప్పుడు ఏమగునో 'కనిష్క' తెలుపుచున్నది. 1985 జూను 23వ తేదీన కెనడానుండి లండను మీదుగా మన దేశమునకు వచ్చుచున్న ఎయిర్ ఇండియా వారి బోయింగు 747 'చక్రవర్తి కనిష్క' ఐర్లండు తీరమునకు దూరముగా ఆకాశముననే విచ్ఛిన్నమై 329 మందితో అట్లాంటిక్ సముద్రమున పడెను. అచ్చట లోతు సుమారు 2,000 మీటర్లు. పింగర్లు పలికినవి; ఒక బ్రిటిషు ఓడ విన్నది. సముద్రపు అడుగున తంతులు వేయు ఫ్రెంచి ఓడనుండి 'స్కారబ్' అను యంత్రమును దించి, జులై 10వ తేదీన ఒక పెట్టెను, 11వ తేదీన రెండవదానిని పైకి తెచ్చిరి. పదునెనిమిది దినములు మాత్రమే. బొంబాయిలోని భాభా అణుపరిశోధన కేంద్రమున వానిని పరీక్షించిరి. రెండు రికార్డర్లును ఒక్క క్షణముననే ఆగిపోయి యుండెను. యంత్రలోప సూచన లేదు, పైలట్ల కలవరము లేదు. సాక్షి మాటలకంటె సాక్షి నోరు మూతపడిన తీరే విచారణకు ఎక్కువ పనికివచ్చినది. బాంబు ప్రేలుడే కారణమని న్యాయమూర్తి కృపాల్ 1986లో నిర్ణయించుటకు ఇతర సాక్ష్యములతోపాటు ఇదియు ఆధారమైనది.

ఇక మౌనమును తప్పుగా చదివినందువలన కలుగు నష్టము. 2009 జూను 1వ తేదీన బ్రెజిలునుండి పారిసునకు పోవుచున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 అను విమానము 228 మందితో నట్టనడి అట్లాంటిక్‌లో మునిగెను. కొన్ని దినములకు తేలుచున్న శకలములు, శవములు దొరికినవి. పెట్టెలు మాత్రము దొరకలేదు. ఆ జూను మాసముననే వినుయంత్రములను ఈడ్చు ఓడలు, తరువాత విమానము దొరికిన ప్రాంతముమీదుగనే పోయినవి. ఏమియు వినబడలేదు. ఏమియు వినబడలేదు గనుక ఏమియు లేదని తలచి, మరుసటి సంవత్సరము వేరుచోట్ల వెదకిరి. తేలిన శకలములు ఎచ్చటినుండి కొట్టుకొని వచ్చినవో ప్రవాహములనుబట్టి వెనుకకు లెక్కకట్టి పోయినదియు ఫలింపలేదు.

అప్పుడు ఫ్రెంచి విచారణాధికారులు గణితజ్ఞుల సాయము కోరిరి. వారు ప్రయోగించినది పదునెనిమిదవ శతాబ్దమునందలి థామస్ బేయస్ అను ఇంగ్లీషు మతాచార్యుని న్యాయము. ఆయన వ్యాసము మరణానంతరము 1763లో అచ్చుపడినది. సముద్రపటమును చిన్న గళ్లుగా విభజించి, ప్రతి గడికిని, విమాన మిచ్చట నుండుటకు ఎంత అవకాశమో ఒక అంకె వేయుదురు. ఒక గడిని వెదకి ఏమియు కానకున్న దాని అంకెను తగ్గింతురు. ఎంత తగ్గింతురు? ఆ వెదకిన యంత్రమునకు కనుగొను శక్తి ఎంతయో అంతయే. శక్తి పూర్తిగా నున్న అంకె సున్న కగును. శక్తియే లేనిచో అంకె కదలదు. ఇదియే మన 'యోగ్యత'! మీమాంసకుడు దీపము వెలుగుచున్నదా యని అడిగినాడు. గణితజ్ఞుడు దీపము ఎంత వెలుగుచున్నదని అడుగుచున్నాడు. పింగర్లు రెండును పనిచేయలేదేమో యని వారు లెక్కలో చేర్చినంతనే, విడిచిపెట్టిన ప్రాంతమే, అనగా విమానము కడపట కనబడిన చోటికి చేరువనున్నదే, పటముపై వెలిగినది. 2011 మార్చి కడపట మరల వెదుకుట మొదలుపెట్టి, ఏప్రిలు మొదట, వారము దినములు గడచులోగానే, స్వయముగా ఈదు సోనార్ యంత్రములు 3,900 మీటర్ల లోతున దానిని కనిపెట్టినవి. మే మొదటివారమున పెట్టెలను పైకి తీసిరి. రెండేండ్లు నీటిలో నున్నను వాని జ్ఞాపకము చెక్కుచెదరలేదు. వేగమును కొలుచు గొట్టములు మంచుతో పూడుకొనుట, ముళ్లు తప్పుచూపుట, తికమకపడిన పైలటు విమానపు ముక్కును పైకెత్తుట, నాలుగు నిమిషముల పతనము, అన్నియు వానివలననే తెలిసినవి. అవి దొరకకయే యున్నచో నింద గాలివానపై వేసి లోకము మరచియుండెడిది. పైలట్ల శిక్షణలో ఆ తరువాత వచ్చిన మార్పులు వచ్చియుండెడివి కావు.

కనుగొనబడని దానిని గూర్చి ఎక్కువ చెప్పుటకు లేదు. 2014 మార్చి 8వ తేదీన కౌలాలంపూరునుండి బీజింగునకు బయలుదేరి వెనుదిరిగి పోయిన మలేషియా విమానము ఎం.హెచ్.370లో 239 మంది యుండిరి. మన దేశపు ప్రయాణికులు ఐదుగురు. మొదటి దినములలో మన నౌకాదళము అండమాను సముద్రమునను బంగాళాఖాతమునను వెదకెను. తుదకు ఒక ఉపగ్రహముతో గంటగంటకు జరిగిన సంకేతములనుబట్టి అది దక్షిణ హిందూమహాసముద్రమున పడినదని నిర్ణయించిరి. 2017 జనవరి నాటికి 1,20,000 చదరపు కిలోమీటర్ల సముద్రతలమును గాలించి మానిరి. 2018లో ఒక ప్రైవేటు సంస్థ మరి 1,12,000 వెదకెను. 2025లో, దొరికిన గాని సొమ్మీయనక్కరలేదను ఒడంబడికతో మలేషియా ప్రభుత్వము మరల వెదకించుటకు పూనుకొనెను. అయితే ఒక చిన్న సంగతి నన్ను ఎక్కువ బాధించుచున్నది. ఆ విమానపు సూచనల పెట్టెకున్న పింగరు బ్యాటరీ గడువు 2012 డిసెంబరునందే తీరిపోయినదని 2015లో వెలువడిన నివేదిక తెలిపినది. 2014 ఏప్రిలులో ఓడలు ఊపిరి బిగబట్టి చెవియొగ్గినప్పుడు ఆ దీపము వెలుగుచుండెనో లేదో ఎవరు చెప్పగలరు? కోట్ల రూపాయల అన్వేషణకు ముందు ఒక బ్యాటరీ మార్చువాని శ్రద్ధ యుండవలసినది.

ఈ అనుభవముల ఫలముగా అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ 2018 నుండి పింగర్లు తొంబది దినములు పలుకవలెననియు, సముద్రముపై దూరము పోవు పెద్ద విమానముల శరీరమునకు మరింత దూరము వినబడు రెండవ పింగరును తగిలింపవలెననియు నియమించినది. తెలుగుదేశమునకును ఈ పనిలో ఒక పాలు కలదు. సముద్రమునకు వందల కిలోమీటర్ల దూరమున, చెరువులు తప్ప వేరు జలరాశి నెరుగని మా హైదరాబాదు ప్రాంతమున, జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రము పనిచేయుచున్నది. ఆ కేంద్రమువారు 2016లో 'సారట్' అను సాధనమును వెలువరించిరి. తప్పిపోయిన మనుష్యుడు, పడవ, తెప్ప మొదలగు సుమారు 60 విధములైన వస్తువులు గాలికిని ప్రవాహమునకును ఏ దిక్కున కొట్టుకొనిపోవునో అది లెక్కకట్టి చూపును. ఒక్క చుక్కను చూపి ఇచ్చటనే యున్నదని చెప్పక, ఎచ్చట ఎంత అవకాశమో చూపుటయే దాని తెలివి.

ఇంతవరకు యంత్రములను గూర్చి చెప్పితిని. గృహములలో ఈ మౌనము మరియొక రూపమున ప్రవేశించును. మనిషి పోయినాడని రూఢి లేదు. ఉన్నాడని ఆశ లేదు. ఇల్లాలు కుంకుమ ధరింపవలెనా, మానవలెనా యని నిర్ణయించుటకు ఇరుగుపొరుగువారందరును సిద్ధముగా నుందురు. మన ధర్మశాస్త్రములు కనబడకపోయిన వానికై పండ్రెండేండ్లు వేచి, మోదుగాకులతో బొమ్మను చేసి దహనము చేయుమని విధించినవి. పరాశరుడు స్త్రీకి మరియొక భర్త విహితమైన ఐదు ఆపదలలో, భర్త జాడ తెలియకపోవుటనే మొదట చెప్పెను. విద్యాసాగరుడు 1855లో నిలుపుకొన్న ప్రమాణమిదియే. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము చేయించిన వీరేశలింగముగారికి బలమైనదియు ఇదియే. వాదమంతయు చనిపోయిన భర్తను గూర్చియే జరిగినది గనుక, ఆ వరుసలో ముందు నిలిచిన కనబడని భర్తను మనము మరచితిమి. 1872 నాటి సాక్ష్యశాసనము మాత్రము మరువలేదు. బ్రతికియున్నచో ఎవరికి సహజముగా కబురు తెలియవలెనో, అట్టివారికి ఏడేండ్లు కబురు తెలియకున్న, బ్రతికియున్నాడనువాడే దానిని రుజువు చేయవలెనని దాని 108వ ప్రకరణము. 'సహజముగా తెలియవలసినవారు' అనుటలో యోగ్యత మరల కనబడుచున్నది. దారిన పోవువానికి కబురు తెలియకపోవుట లెక్కలోనికి రాదు. ఆ న్యాయమే 2024 జులైనుండి అమలులోనికి వచ్చిన క్రొత్త శాసనమునను నిలిచినది. 1955 నాటి హిందూ వివాహశాసనమును అదే ఏడేండ్ల మౌనమును వివాహవిచ్ఛేదమునకు హేతువుగా నొప్పుకొన్నది. కావున విశాఖపట్టణపు ఇల్లాండ్రకు బొట్టు చెరుపుమని చెప్పుటకు గాని, చెరుపవద్దని చెప్పుటకు గాని పొరుగువారి కధికారము లేదు.

బంగాళాఖాతమున పోయిన ఆ విమానమునకు నీటి యడుగున పలుకు పింగరు లేదు. దానియందున్న ఆపత్సంకేత యంత్రములు రేడియోవి, మునిగినచో మూగవి. 2016లో సముద్రము పలుకలేదనుటలో అర్థము లేదు. పలుకుటకు నోరు మనమే యీయలేదు. ఏడేండ్ల గడువు 2023 జులైతో నిండినది. అటుపిమ్మట చెన్నపట్టణమునందలి జాతీయ మహాసముద్ర సాంకేతిక సంస్థవారు, స్వయముగా లోతున ఈదు యంత్రమును ఆ విమానము కడపట నున్న చోటికి పంపిరి. నోరులేనిదానిని వినుట మాని, కన్నులతో చూడబూనిరి. 3,400 మీటర్ల లోతున సోనార్లును ఛాయాచిత్రములును తీసిన ఆ యంత్రము, తీరమునుండి సుమారు 140 నాటికల్ మైళ్ల దూరమున సముద్రతలముపై విమానశకలములను చూపినది. 2024 జనవరి 12వ తేదీన రక్షణశాఖవారు ఈ సంగతిని ప్రకటించిరి. శకలముల రూపము ఏ.ఎన్.-32తో సరిపోవుచున్నదనియు, ఆ ప్రాంతమున మరి యే విమానమును పోయినట్లు దాఖలా లేదు గనుక ఇవి దానివే కావచ్చుననియు వారు వ్రాసిరి. 'దాఖలా లేదు గనుక' అనుటయు అనుపలబ్ధియే. అయితే విమానము పోయినచో దాఖలా కాకుండ నుండదు. అందుచే ఈ లేమిని నమ్మవచ్చును. ఆ ప్రకటనకు ముందే వార్తను ఇరువది తొమ్మిది కుటుంబములకు చేర్చిరా, లేక వారును మనవలె పత్రికలలోనే చదువుకొనిరా యని అడుగవలసియున్నది.